ఆరు కంప్యూటర్లు, ఒక్క ఆదివారం

సెప్టెంబర్ 20, 2025, శనివారం

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. జీతం ఇచ్చేది అకౌంట్స్ చూడ్డానికే గానీ, ప్రింటర్ మొరాయించినా వైఫై పోయినా పిలుపు నాకే వస్తుంది. అలాగే విండోస్ 10 సంగతి కూడా నా నెత్తిన పడింది. అక్టోబర్ 14 తర్వాత దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఆఫీసులో ఆరు కంప్యూటర్లున్నాయి, ఆరూ విండోస్ 10 మీదే.

ఆ తేదీ చెప్పగానే ఆడిటర్ గారు కళ్లజోడు తీసి నావైపు చూశారు. "ఏమయ్యా, నెలాఖరుకి టాక్స్ ఆడిట్ల గడువు పెట్టుకుని ఇప్పుడు కంప్యూటర్లు విప్పుతానంటావా?" ఆయనన్నదీ నిజమే. ఆడిట్ రిపోర్టులు సగం కూడా అప్‌లోడ్ కాలేదు. పైగా ఎల్లుండి, 22 నుంచి, జీఎస్టీ రేట్లు మారుతున్నాయి. పొద్దున్నుంచి క్లయింట్ల ఫోన్లతోనే సరిపోయింది.

ఈ నెలలో ఏదీ ముట్టుకోను. డైరీ మాత్రం ఇవాళ్టి నుంచి రాస్తాను. విండోస్ 7 నుంచి 10కి మారినప్పుడు ఏ మెషీన్‌లో ఏం చేశానో ఎక్కడా రాసుకోలేదు. దాంతో రెండు రోజులు స్కానర్ లేకుండా గడిపాం.

సెప్టెంబర్ 26

ఆడిట్ గడువు అక్టోబర్ 31కి పొడిగించారని నిన్న వార్త వచ్చింది. ఆఫీసంతా కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆ ఖాళీలో మా ఆర్టికల్స్ పిల్లాడు, అంటే సీఏ శిక్షణలో ఉన్న కుర్రాడు, ఒక ఘనకార్యం చేశాడు. తెర మీద "విండోస్ 11 సిద్ధంగా ఉంది, ఉచితం" అని వస్తే డౌన్‌లోడ్ బటన్ నొక్కేశాడు. సాయంత్రం అయిదింటికి ఇంటర్నెట్ ఎవరికీ కదల్లేదు. రౌటర్ దగ్గర పావుగంట తచ్చాడాక గానీ అసలు సంగతి తెలియలేదు.

"ఫ్రీ అన్నాడని నొక్కాను అన్నా" అన్నాడు.

అప్‌డేట్లని వారం పాటు పాజ్ చేస్తే ఆ డౌన్‌లోడ్ ఆగింది. తర్వాత అన్ని మెషీన్లలోనూ ఒక గొళ్లెం పెట్టాను. మావన్నీ ప్రో ఎడిషన్లు కాబట్టి గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉంది. అందులో విండోస్ అప్‌డేట్ కింద టార్గెట్ వెర్షన్ ఎంచుకునే పాలసీ ఒకటుంటుంది. దాంట్లో "విండోస్ 10", దాని ఆఖరి వెర్షన్ "22హెచ్2" అని రాస్తే నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి గానీ పెద్ద అప్‌గ్రేడ్ జోలికి వెళ్లదు. ఎప్పుడు మారాలో మేం తేల్చుకున్నాక ఆ గొళ్లెం తీయొచ్చు.

అక్టోబర్ 1, మహర్నవమి

ఆయుధ పూజ. అకౌంట్స్ అక్క ఆరు మానిటర్లకీ బొట్లు పెట్టింది, కీబోర్డుల మీద బంతి రేకులు చల్లింది. ఆ రేకులు దులుపుకుంటూనే ఒక్కో మెషీన్‌లో, విండోస్ 11 పడుతుందో లేదో చెప్పే పీసీ హెల్త్ చెక్ నడిపాను. ఆరింట్లో పాసైంది ఆడిటర్ గారి ల్యాప్‌టాప్ ఒక్కటే. మిగతా అయిదూ పనికిరావంది.

ఈ తెర చూసి చాలామంది మోసపోతారు. మాకు కంప్యూటర్లు అమ్మే షాపులో చెబితే, అయిదూ మార్చేద్దాం అంటూ రెండు లక్షల పైచిలుకు కొటేషన్ వాట్సాప్‌లో పంపారు. నిజానికి ఆ అయిదింట్లో నాలుగింటికి వచ్చిన లోటు సెట్టింగుల్లోనే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. విండోస్ 11 ఒప్పుకునే ఇంటెల్ 8వ తరం, ఆ పైవాటిలో ఆ పని ప్రాసెసర్‌తోనే అయిపోతుంది. బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో, దాని పేరు పీటీటీ. అసెంబుల్ చేసిచ్చినవాళ్లు దాన్ని ఆన్ చేయకుండా వదిలేశారు, అంతే. నాది 10వ తరం ఐ3. ఆర్టికల్స్ పిల్లలవి రెండూ 9వ తరం. అక్క కూర్చునే మెయిన్ మెషీన్ 8వ తరం ఐ5, గట్టున పడ్డట్టే.

నిజంగా ఫెయిలైంది కిటికీ పక్కనున్న 4వ తరం ఐ3 ఒక్కటే. స్కానరూ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరూ దానికే ఉన్నాయి. చెక్‌ని దాటవేసి దాంట్లో కూడా విండోస్ 11 ఎక్కించే దారులున్నాయి. ఇంట్లో అయితే సరదాగా చేసేవాణ్ణి. పదిమంది పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉండే చోట, రేపు అప్‌డేట్ వస్తుందో రాదో అనే మెషీన్ పెట్టుకోలేను.

అక్టోబర్ 14

మిర్చి యార్డులో కమీషన్ కొట్టున్న క్లయింట్ ఒకాయన ఫోన్ చేశారు. "రేపట్నుంచి కంప్యూటర్లు ఆన్ అవ్వవంటగా అబ్బాయ్?" ఆన్ అవుతాయండీ, కొత్తగా బయటపడే కంతలకి మాట్లు వేయడం మానేస్తారు, అంతే అని చెప్పాను. ఆయన కొట్టులో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తప్ప ఇంకేమీ లేదు కాబట్టి కాస్త ఆగినా ఫరవాలేదన్నాను. ఈమెయిల్లో వచ్చే అటాచ్‌మెంట్లు మాత్రం తెరవొద్దన్నాను. తెరవకుండా ఉంటారనే నమ్మకం నాకు లేదు.

మధ్యాహ్నం డబ్బు కట్టి పొడిగించుకోవడం గురించి ఆడిటర్ గారితో మాట్లాడాను. ఇంట్లో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా ఒక ఏడాది పొడిగింపు ఉంది. 30 డాలర్లు కట్టొచ్చు, లేదంటే మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే ఊరికే ఇస్తారు. ఆఫీసులకి వేరే లెక్క. మెషీన్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, మొత్తం మూడేళ్లు.

"అంటే అయిదు వేలు దాటుతుంది. ఆ కిటికీ పక్కది అమ్మితే అయిదు వేలు వస్తాయా?"

రావు సార్ అన్నాను. అక్కడితో ఆ మాట ముగిసింది.

అక్టోబర్ 18

ఏ వెర్షన్ వేయాలన్నది తేల్చుకున్నాను. విండోస్ 11 కొత్త వెర్షన్ 25హెచ్2 సెప్టెంబర్ 30నే వచ్చింది. మామూలుగా కొత్త వెర్షన్‌ని ఆరు నెలలు దూరంగా ఉంచుతాను. ఇది మాత్రం కిందటి వెర్షన్ 24హెచ్2 మీదే కట్టింది, లోపలి పునాది అదే. హోమ్, ప్రో ఎడిషన్లకి 24హెచ్2 అప్‌డేట్లు వచ్చే ఏడాది అక్టోబర్‌తో ఆగిపోతాయి. 25హెచ్2కి అయితే 2027 అక్టోబర్ 12 దాకా వస్తాయి. మళ్లీ ఏడాదికే ఈ తతంగం పెట్టుకోవడం నావల్ల కాదు. 25హెచ్2నే వేద్దాం.

ఇప్పుడే వేయాలా అంటే మాత్రం కాదు. ఈ నెల 14న విండోస్ 11కి వచ్చిన కేబీ 5066835 అప్‌డేట్‌తో రెండు తంటాలు వచ్చాయని చదివాను. మెషీన్ పాడై రికవరీ తెర వస్తే అక్కడ యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పనిచేయవు. అంటే వెనక్కి తిరిగే దారి ముందు నిలబడి తలుపు గడియ తీయలేని పరిస్థితి. రెండోది, లోకల్‌హోస్ట్ మీద, అంటే అదే కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాము ఇంకోదానితో మాట్లాడే దారిలో, నడిచే కొన్నింటికి కనెక్షన్ దొరకడం లేదు. మా ఆఫీసు బతికేది డిజిటల్ సంతకాల మీద. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌కి ఎమ్‌బ్రిడ్జ్, జీఎస్టీ పోర్టల్‌కి ఎమ్‌సైనర్, రెండూ లోకల్‌హోస్ట్ మీద నడిచేవే. ఇది చదివాక, ఆడిట్ గడువు ముందు ఇలాంటి ప్రయోగం వద్దనుకున్నాను.

అక్టోబర్ 26, ఆదివారం

రికవరీ తెర సంగతి 20వ తేదీనే, దీపావళి రోజున, వేరే అప్‌డేట్‌తో సరిచేశారు. జీఎస్టీ 3బీ రిటర్ను గడువు 25కి జరిపారు కాబట్టి అది నిన్నటితో అయిపోయింది. ఇవాళ నా మెషీన్ మీద ట్రయల్ వేశాను. పోతే నాదే పోతుంది.

విండోస్ 11 మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైల్ రాత్రే ఇంట్లో ఫైబర్ మీద దించి 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. అయిదు మెషీన్లు అయిదుసార్లు అదే ఫైల్ దించుకోవడం దండగ. బయాస్‌లో పీటీటీ ఆన్ చేశాను, గ్రూప్ పాలసీ గొళ్లెం తీశాను, మౌస్, కీబోర్డ్ తప్ప మిగతా వైర్లన్నీ పీకేశాను. విండోస్ 10 నడుస్తుండగానే సెటప్ తెరిచి, ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచమని చెప్పాను. యాభై నిమిషాల్లో అయిపోయింది. ఎంత సాఫీగా జరిగిందంటే, నాకే అనుమానం వేసింది.

ఆ అనుమానం వృథా పోలేదు. ముందు డిజిటల్ సంతకం టోకెన్, పెన్‌డ్రైవ్‌లా ఉండేది. మా దగ్గర ఒక స్వీట్ల డబ్బా నిండా క్లయింట్ల టోకెన్లుంటాయి, ఒక్కోదానికీ దారంతో పేరు చీటీ కట్టి. (వాళ్ల టోకెన్లు మన దగ్గర ఉండకూడదన్నది వేరే గొడవ.) అవి మూడు రకాల కంపెనీలవి. రెండు రకాలు వెంటనే తెరుచుకున్నాయి. మూడోదాని లైటు వెలుగుతుంది గానీ సర్టిఫికెట్ కనపడదు. పాత డ్రైవర్‌ని పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేసి, కొత్తది వేస్తే వచ్చింది. తీయకుండా దాని మీదే కొత్తది వేస్తే రాలేదు. ఇది రాసుకోవాల్సిన సంగతి.

తర్వాత మా అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ. డేటా అంతా మెయిన్ మెషీన్ డీ డ్రైవ్‌లో ఉంటుంది, మేమంతా నెట్‌వర్క్ మీద దాన్నే తెరుస్తాం. నా మెషీన్ నుంచి ఫోల్డర్ తెరుచుకోలేదు. ఎర్రర్ సరిగా చదవకుండానే నెట్‌వర్క్ సెట్టింగ్స్ తిరగేశాను, ఫైర్‌వాల్ ఆపి చూశాను, చివరికి వైరు కూడా మార్చాను. గంటన్నర పోయింది. అప్పుడు టీ తెచ్చుకుని ఎర్రర్ మళ్లీ చదివితే సంగతి అందులోనే ఉంది. ఎవరో చెప్పకుండా అతిథిగా వచ్చేవాళ్లని రానివ్వం అంటోంది. 2019లో పాస్‌వర్డ్ గోల వద్దని అందరికీ తెరిచిపెట్టింది నేనే. 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్ పాస్‌వర్డ్ లేని షేర్‌ని తెరవదు. తిట్టుకున్నాను గానీ అది చేసింది మంచి పనే. ఎదురింటి కుర్రాడికి మా వైఫై పాస్‌వర్డ్ తెలిస్తే, ఇన్నాళ్లూ మా క్లయింట్ల పుస్తకాలన్నీ వాడి చేతిలో ఉన్నట్టే.

మెయిన్ మెషీన్‌లో ఆఫీసు పేరుతో ఒక యూజర్‌ని తయారుచేసి, పాస్‌వర్డ్ పెట్టి, షేర్‌ని వాడికే ఇచ్చాను. నా మెషీన్‌లో ఆ పాస్‌వర్డ్ ఒక్కసారి గుర్తుంచుకోమన్నాను. టాలీ తెరుచుకుంది. మిగతా వాటిలోనూ ఇప్పుడే, విండోస్ 10లో ఉండగానే, ఇదే చేసేశాను. అప్‌గ్రేడ్ రోజున ఒక తలనొప్పి తగ్గుతుంది.

అక్టోబర్ 29

మొంథా తుఫాను నిన్న రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇక్కడ రాత్రంతా గాలి, వాన. తెల్లారేసరికి కరెంటు లేదు. ఆఫీసు యూపీఎస్ ఇరవై నిమిషాలకే కూత పెట్టి ఆగిపోయింది. ఆర్టికల్స్ అమ్మాయి ఆ యూపీఎస్ వైపు చూసి, "మంగళవారం చేద్దామన్నారు కదన్నా మీరు" అంది. అవును, పిల్లలవి రెండూ నిన్న రాత్రి చేద్దామని అన్నాను. సగం అప్‌గ్రేడ్‌లో కరెంటు పోతే సాధారణంగా పాత విండోస్‌కి వెనక్కి వెళ్తుందంటారు. ఆ "సాధారణంగా" మీద నాకు గురి లేదు.

సాయంత్రానికి ఆడిట్ గడువు మళ్లీ జరిగింది, నవంబర్ 10 అట. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులకి డిసెంబర్ 10. దాంతో మొత్తం లెక్క మారింది.

ఒక తెల్ల కాగితం తీసుకుని తేదీలన్నీ వరసగా రాశాను. నవంబర్ 10 ఆడిట్ రిపోర్టులు, 11న జీఎస్టీఆర్ 1 రిటర్ను, అదే రోజు మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు, 20న 3బీ, డిసెంబర్ 10న రిటర్నులు. మధ్యలో ఖాళీ కనిపించింది ఒక్కచోటే, నవంబర్ 15 శనివారం సాయంత్రం నుంచి 16 ఆదివారం రాత్రి దాకా. అప్పటికి నెలవారీ అప్‌డేట్ వచ్చి అయిదు రోజులవుతుంది, దాంట్లో ఏదైనా తేడా ఉంటే బయటపడుతుంది. 3బీకి ఇంకా నాలుగు రోజులుంటుంది.

వెనక్కి వెళ్లడం గురించి కూడా అదే కాగితం మీద లెక్క వేశాను. అప్‌గ్రేడ్ అయ్యాక పాత విండోస్‌కి తిరిగి వెళ్లే వీలు పది రోజులే ఉంటుంది. అంటే నవంబర్ 26. రిటర్నుల గడువుకి అది చాలదు. అయితే అప్‌గ్రేడ్ అయిన వెంటనే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ కమాండ్‌తో ఆ పదిని అరవై దాకా పెంచుకోవచ్చు. ముప్ఫై పెడితే డిసెంబర్ 16 వస్తుంది. చాలు. పాత విండోస్ అన్నాళ్లూ డిస్క్‌లో చోటు తినేస్తుంది, తిననీ.

కాగితం ఆడిటర్ గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన ఎర్ర పెన్నుతో 16 చుట్టూ గుండ్రంగా గీశారు. "కార్తీక మాసం ఆఖరి ఆదివారం ఇది, వనభోజనాలకి వెళ్లవా?" అన్నారు. వెళ్లనన్నాను.

నవంబర్ 12

ఆడిట్లు అయిపోయాయి. ఇవాళ బ్యాకప్ పని. టాలీ డేటా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, నా మెషీన్‌లో ఒకటి తీశాను. తీసి ఊరుకోలేదు, నా మెషీన్‌లో రీస్టోర్ చేసి రెండు కంపెనీల బ్యాలెన్స్ షీట్లు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

ఆడిటర్ గారి ల్యాప్‌టాప్‌కి బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి తాళం, ఉందని ఇవాళే చూశాను. అప్‌గ్రేడ్‌లో దాని జోలికి వెళ్లక్కర్లేదు గానీ, బయాస్‌లో ఏదైనా మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందంటే, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు వాళ్లబ్బాయి ఈమెయిల్‌తో ఖాతా తెరిచారట, అందులో. ఆ అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానన్నాడు. రాత్రి తొమ్మిదింటికి తనే ఫోన్ చేసి ఆరేసి అంకెల చొప్పున చదివాడు, నేను రాసుకున్నాను, మళ్లీ నేను చదివితే తను సరిచూశాడు. ఎనిమిది గుంపుల్లో ఒక దాంట్లో 5ని 9గా విన్నాను. ఆ కాగితం ఇప్పుడు ఆడిటర్ గారి బీరువాలో, ఆస్తి కాగితాల పక్కన ఉంది.

నవంబర్ 15, 16

శనివారం సాయంత్రం ఆరింటికి పిల్లల మెషీన్లు రెండూ. ఇబ్బంది లేదు, ఎనిమిదిన్నరకి ఇంటికి వెళ్లాను.

ఆదివారం పొద్దున్నే మెయిన్ మెషీన్. అసలు భయం దీని గురించే. పాత పద్ధతిలో, లెగసీ బయాస్, ఎంబీఆర్ డిస్క్‌తో వేసిన విండోస్ ఇది. 11కి యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బయాస్ కావాలి, దానికి డిస్క్ కూడా జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉండాలి. ఫార్మాట్ చేయకుండా మార్చడానికి ఎంబీఆర్‌టూజీపీటీ అనే కమాండ్ విండోస్‌లోనే ఉంది. ముందు సరిచూడమని నడిపితే డిస్క్ లేఅవుట్ కుదరదంది. ఎందుకో నాకు తట్టింది. అది మూడు ప్రైమరీ పార్టిషన్లకి, అంటే డిస్క్ భాగాలకి, మించి ఒప్పుకోదు. ఇక్కడ నాలుగున్నాయి, సిస్టమ్‌ది ఒకటి, సీ, డీ, ఈ. మన ఊళ్లో కంప్యూటర్ కొంటే సీ, డీ, ఈ చేసివ్వకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది మరి.

'ఈ' అనే ఆ డ్రైవ్‌లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన స్కాన్లున్నాయి. వాటిని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఫైళ్ల సంఖ్య సరిచూసి, 'ఈ' డ్రైవ్‌ని తీసేశాను. మళ్లీ సరిచూడమంటే సరే అంది. మార్చమన్నాను. నిమిషం కూడా పట్టలేదు. ఇక్కడ వరస తప్పకూడదు. ముందు డిస్క్ మార్చి, తర్వాతే బయాస్‌లో లెగసీని యూఈఎఫ్ఐ చేయాలి. తిరగేస్తే విండోస్ లేవదు. రీస్టార్ట్ చేసి, డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్లి, పాత పద్ధతికి దారిచ్చే సీఎస్ఎం ఆపి, పీటీటీ ఆన్ చేసి, సేవ్ చేశాను. తెర నల్లగా అయింది. ఫ్యాన్ శబ్దం తప్ప ఏమీ లేదు. ఎన్ని సెకన్లో గానీ, నాకు మాత్రం టెన్షన్‌తో చెవులు వేడెక్కాయి. తర్వాత విండోస్ గుర్తు వచ్చింది.

అక్కడి నుంచి అప్‌గ్రేడ్ మామూలే, గంటా పది నిమిషాలు. డిస్మ్ కమాండ్ నడిపాను, ముప్ఫై రోజులు. మూడింటికి ఆర్టికల్స్ పిల్లాడు వనభోజనాల నుంచి స్టీలు క్యారేజీలో పులిహోర, గారెలు పట్టుకొచ్చాడు. శంకర్ విలాస్ బ్రిడ్జి పనుల వల్ల చుట్టు తిరిగి వచ్చానని, గారెలు మెత్తబడ్డాయని తనే సంజాయిషీ చెప్పుకున్నాడు. తింటూ ఆడిటర్ గారి ల్యాప్‌టాప్ కూడా కానిచ్చాం. కీ అడగలేదు.

కిటికీ పక్కదానికి నెట్ వైరు పీకేశాను. స్కాన్ చేసినవి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. వైరు చివర చుట్టి మేకుకి తగిలించి, "పెట్టొద్దు" అని చీటీ అంటించాను.

నవంబర్ 17, సోమవారం

అక్క పన్నెండేళ్లుగా టాస్క్‌బార్‌ని తెర పైభాగాన పెట్టుకుంటుంది. విండోస్ 11లో అది పైకి వెళ్లదు. స్టార్ట్ బటన్‌ని ఎడమకి జరిపిచ్చాను. "ఇదేంటయ్యా, తల తీసి కాళ్ల దగ్గర పెట్టావ్" అంది. మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. నేను భయపడ్డ డ్రైవర్లూ సంతకాలూ షేర్లూ అన్నీ పనిచేశాయి, ఫిర్యాదు వచ్చింది మాత్రం దీని మీదే.

నవంబర్ 20

3బీలన్నీ వెళ్లాయి. ఎమ్‌సైనర్ ఒక్క మెషీన్‌లో మొండికేస్తే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాను, పనిచేసింది.

డిసెంబర్ 11

నిన్నటితో రిటర్నులు అయిపోయాయి. మెయిన్ మెషీన్‌లో పాత విండోస్ ఫోల్డర్ ఇంకా అలాగే ఉంది. 16న దానంతట అదే పోతుంది, ముందే తీసేయడానికి నాకేం తొందర లేదు.

సాయంత్రం వెళ్లేముందు కిటికీ దగ్గరికి వెళ్తే మేకు ఖాళీగా ఉంది. వైరు మెషీన్‌కి పెట్టే ఉంది. ఎవరు పెట్టారంటే, "స్కాన్ చేసి మెయిల్ పెట్టమన్నారు కదయ్యా అర్జంటుగా" అన్నారు ఆడిటర్ గారు, తల ఎత్తకుండానే.